అంచు దాకా లాగిన పంక్తి

షేక్ జహీరుద్దీన్ ఫత్వా రాసేటప్పుడు చివరి పంక్తిని కాగితం అంచు దాకా లాగుతాడు. మాటలు చాలకపోతే అక్షరాల తోకలు సాగదీస్తాడు గాని గోరంత చోటు వదలడు. చోటంటూ ఉంటే ఎవడో ఒకడు అందులో ఒక ముక్క ఇరికిస్తాడు. ఆ ముక్కతో ఒకరి తోటో, ఒకరి కాపురమో ఎగిరిపోతుంది. డమాస్కసు పెద్ద మసీదులో తూర్పు వైపు మూడో స్తంభానికి వీపు ఆనించి ముప్పై ఏళ్ళుగా ఆయన మూసిన కాగితాల్లో ఒక్కదాంట్లోనూ ఎవడూ వేలు పెట్టలేకపోయాడు. శిష్యులకు ఈ సంగతి నెలకొకసారైనా చెప్పేవాడు. అల్లా న్యాయం మీద మూడు సంపుటాలు రాసిన మనిషి. ఆయన చెబుతుంటే వినక చస్తారా!

ఆ సోమవారం పొద్దున తొమ్మిది ప్రశ్నలయ్యాయి. కాలవ నీళ్ళ తగాదా ఒకటి, పావురాలు ఎగరేసేవాడి సాక్ష్యం చెల్లుతుందా అని ఒకటి, ఒట్టు తప్పినవాళ్ళు ఇద్దరు. పదో మనిషి ఆడమనిషి. చెక్క చెప్పులు చంకలో పెట్టుకుని, కాస్త ఎడంగా చాప చివర కూచుంది. ముప్పై దాటి ఉంటాయి. చేతివేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఎప్పుడూ నీళ్ళలో నానే చేతులు.

"ఏమమ్మా, ప్రశ్న రాయించుకొచ్చావా?" అన్నాడు ఫుతూహ్. షేక్ చెప్పిన పాఠాన్ని మిగతావాళ్ళకు మళ్ళీ చెప్పే పెద్ద శిష్యుడతను.

"కొత్త ప్రశ్న కాదు బాబూ. పాతదే." ఆమె మెడలోంచి తోలుసంచి ఒకటి పైకి లాగింది. తాయెత్తు సంచి అంత ఉంది. అందులోంచి ఎనిమిది మడతల కాగితం తీసింది. "ఇది చెడిపోయిందేమో షేక్ గారు ఒకసారి చూసిపెట్టాలి."

"చెడిపోడానికి పాలా, పెరుగా?" శిష్యులు నవ్వారు.

"నవ్వండి, నవ్వండి. పదకొండేళ్ళు మెళ్ళో వేసుక్కూచున్నా. హమ్మాములో పని. ఆవిరి, చెమట. అక్షరం ఏదన్నా కరిగి మాట మారిపోయిందేమో నాకేం తెలుసు? నాకేమన్నా చదువొచ్చా?"

షేక్ కాగితం అందుకున్నాడు. మడతల దగ్గర చిరిగి నాలుగు కిటికీల్లా ఉంది. సున్నిపిండి, హెన్నా కలిసిన వాసన కొట్టింది. పైన ఎవడో మసీదు గుమ్మం దగ్గర రాసేవాడి చేతిరాత. *ఒక స్త్రీ. భర్త అయ్యాష్, ఒంటెలు తోలేవాడు. బాగ్దాదు బిడారంతో వెళ్ళి రెండేళ్ళు. ఉన్నాడో పోయాడో తెలియదు. ఆమె విడుదల పొంది మరో మనువాడే దారి ఉందా?* కింద తన చేతిరాత. పదకొండేళ్ళ కింద ఇంకా తిన్నగా ఉండేది. *అతని చావు రూఢి అయ్యేదాకా, లేదా అతని ఈడువాళ్ళంతా పోయారని తేలేదాకా ఆమె అతని భార్యే. వేచి ఉండాలి. వేరే దారి లేదు. అల్లాకే బాగా తెలుసు.*

*తెలుసు* అన్న మాట తోక కాగితం అంచు దాకా సాగి ఉంది.

"మారలేదమ్మా. రాసింది రాసినట్టే ఉంది."

"మారలేదా?" ఆమె నిజంగానే తెల్లబోయింది. "మరి నిన్న మా హమ్మాముకి ఒక పెళ్ళికూతురొచ్చింది షేక్ గారూ. నేనే ఒళ్ళు తోమాను. ఆవిడ మొదటి ఆయన కూడా బిడారంతో పోయి మాయమైపోయాడంట. నాలుగేళ్ళు చూసి ఖాజీ విడుదల ఇచ్చేశాడంట. ఈ గురువారమే మనువు. అట్టాంటిది ఉంటే నా కాగితంలో ఎందుకు లేదు? నాదే ఎక్కడో చెడిపోయుంటుందనుకున్నా."

"ఎవరమ్మా ఆ పెళ్ళికూతురు?" కుర్రాడొకడు, బసరా నుంచి కొత్తగా వచ్చినవాడు, ఊరు తెలియక అడిగాడు.

ఫుతూహ్ తలవంచుకుని, అప్పటికే చెక్కి ఉన్న కలాన్ని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు.

ఆమె షేక్ మొహం వంక చూసింది. ఎంతోసేపు కాదు, ఒక్క రెప్పపాటు. తర్వాత చాపలో ఊడిన ఈనె ఒకటి సర్దుతూ, "పేరు అడగలేదు బాబూ. ఒళ్ళు తోమేవాళ్ళం, పేర్లు మాకెందుకు?" అంది.

తిట్టినా బాగుండేది. నీ కూతురేనయ్యా అని నలుగురిలో అరిచి ఉంటే, నోరు మూయించడానికి ఆయన దగ్గర ముప్పై ఏళ్ళ వాగ్ధాటి ఉంది. ఇది వేరు. పదకొండేళ్ళు తన మాట మోసిన మనిషి తన పరువు కూడా కాసేపు మోస్తోంది. షేక్ జహీరుద్దీన్ చెవులు కాలిపోయాయి.

"కాగితం నా దగ్గర ఉంచి వెళ్ళు," అన్నాడు. "చూసి చెబుతాను. నీ పేరేంటమ్మా?"

"గజాలా. పిండిమరల వీధి హమ్మాము." ఆమె కొంచెం తటపటాయించి సంచి మెడలోంచి తీసి ఇచ్చింది. తాడు ఒరుసుకున్న చోట మెడ చుట్టూ సన్నని తెల్లటి చార ఉంది. "జాగర్తండీ. చిరుగులున్నాయి."

*

ఇంట్లో నేరేడు పళ్ళంత ఉంగరాలు పెట్టుకున్న చుట్టాలు దిగి ఉన్నారు. వాకిట్లో పళ్ళేలలో ఎండు ఆప్రికాట్లు నానుతున్నాయి. కూతురు షుహ్దా మేడమీద గదిలో చేతులకు హెన్నా పెట్టుకుని, ఆరేదాకా కదలకూడదు గనక రెండు చేతులూ ముందుకు చాపుకుని కూచుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఇన్నేళ్ళ తర్వాత మొహం తేటపడింది.

"హమ్మాములో ఎవరితోనైనా మాట్లాడావా అమ్మా?"

"ఒళ్ళు తోమే ఆవిడతో మాట్లాడాను నాన్నా. ఎంత మెత్తటి చెయ్యో! రెండో మనువంటే, అదెట్టా కుదిరిందమ్మా అని అడిగింది. మాలికీ ఖాజీ మస్ఊద్ గారి దగ్గర నాన్న నమోదు చేయించాడు, నాలుగేళ్ళు చూసి ఇచ్చారు అని చెప్పాను. చెప్పకూడదా?"

"చెప్పొచ్చు. తప్పేముంది?"

"నా పాదాలు తోముతూ తోముతూ చెయ్యి ఆపేసింది. ఏంటి అంటే, ఏం లేదమ్మా, నీళ్ళు చల్లారాయి, వేన్నీళ్ళు తెస్తానని లేచింది. నీళ్ళు కాలిపోతున్నాయి నాన్నా అప్పటికి." షుహ్దా తండ్రి చేతిలోని తోలుసంచి చూసింది. తెలివైన పిల్ల. "ఆవిడ మెళ్ళో ఉండింది కదా అది? నీకెక్కడిది?"

ఆయన చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, గడ్డం సవరించుకుంటూ, మధ్యలో అరబ్బీ పుస్తకాల పేర్లు రెండు మూడు ఇరికించి చెప్పాడు. అంతా విని ఆ పిల్ల ఒక్కటే అడిగింది.

"పక్క ఖాజీ దగ్గరికి వెళ్ళమని ఆవిడకు నువ్వు చెప్పలేదా?"

"మాలికీలది వేరే న్యాయమార్గం. మన మార్గంలో జవాబు అదే అమ్మా. అడిగినదానికి మన మార్గం ప్రకారం చెప్పాను."

"నేను నీ మార్గంలో పుట్టినదాన్నే కదా నాన్నా."

హెన్నా ఆరని చేతులు అలాగే గాలిలో ఉన్నాయి. ఆయన కిందికి దిగి వచ్చేశాడు.

మార్గం కాదు, పాడూ కాదు. ఆయనకు తెలుసు. ఆ కాగితం రాయడానికి ఎనిమిది నెలల ముందు, నగర పాలకుడి ఎదుట సభలో, పడమటి దేశం మగ్రిబు నుంచి వచ్చిన ఈ మస్ఊద్ ఆయన తప్పు చదివిన ఒక వాక్యాన్ని సరిదిద్దాడు. పాలకుడు నవ్వాడు. పాలకుడు నవ్వితే నవ్వని వాడెవడు? ఆ రోజు నుంచి మస్ఊద్ గుమ్మం వైపు ఈగను కూడా తోలకూడదనుకున్నాడు షేక్. తర్వాత ఎప్పుడో గజాలా వచ్చి దారి ఉందా అని అడిగితే, లేదు అని రాశాడు. మస్ఊద్ కచేరీ మసీదు పడమటి వాకిలి దాటితే రెండు వందల అడుగులు. ఐదేళ్ళ కింద అల్లుడు మాయమైన కబురు తెలిసిన నెల తిరక్కుండా, అదే రెండు వందల అడుగులూ తనే నడిచి వెళ్ళాడు.

సంచిలోంచి కాగితం తీసి మోకాలి మీద పరిచాడు. కింద ఒక్క మాట చేరుద్దామనుకున్నాడు. *వేరే దారి కలదు. మాలికీ ఖాజీని అడగవలెను.* కలం సిరాలో ముంచాడు. ఎక్కడ రాయాలి? కాగితమంతా తిప్పి చూశాడు. పక్కన లేదు, కింద లేదు. ముప్పై ఏళ్ళు గొప్పగా చెప్పుకున్న పనితనం. ఎవడూ వేలు పెట్టలేడు. తను కూడా.

*

మంగళవారం పొద్దున ఆయన పిండిమరల వీధికి వెళ్ళాడు. మధ్యాహ్నం దాకా మగవాళ్ళ పూట గనక గజాలా వెనక పెరట్లో తుండుగుడ్డలు ఉతికి పిండుతోంది. అంత పెద్ద తలపాగా మనిషి బూడిద కుప్పల మధ్య నడిచి రావడం చూసి పొయ్యిలో పిడకలు ఎగదోసే ముసలాడు నోరు తెరిచాడు.

"షేక్ గారూ, పడతారు, అటు జారుడు!" అని గజాలా కేకేసింది. "కబురు పెడితే నేనే వచ్చేదాన్నిగా?"

"చెప్పిపోదామని వచ్చాను. నీకు దారి ఉందమ్మా. మాలికీ ఖాజీ విడుదల ఇవ్వగలడు."

ఆమె గుడ్డ పిండడం ఆపలేదు. నీళ్ళు సన్నగా ధార కట్టి బండ మీద పడుతున్నాయి.

"ఎప్పట్నుంచి ఉందండీ ఆ దారి?"

"ముందు నుంచీ ఉంది."

"నేనడిగిన రోజు కూడానా?"

"...ఆ."

గుడ్డ దులిపి తాడు మీద వేసింది. ఇంకోటి తీసుకుంది. అది కూడా పిండి వేసింది. అప్పుడు చెయ్యి తుడుచుకుంటూ అంది: "అప్పట్లో అడగమన్నది రంగులద్దే తాజ్. మంచోడు. ఏడాదిన్నర ఆగాడు పాపం. వాళ్ళావిడ ఇప్పుడు మా హమ్మాముకే వస్తుంది. ముగ్గురు పిల్లలు. నేనే తోముతా."

షేక్ బండ మీద పడిన తుండుగుడ్డ ఒకటి తీసి ఆమెకు అందించాడు.

"ఇప్పుడు నన్నెవరు చేసుకుంటారు గాని," అంది గజాలా, "అది కాదు నా బాధ. రాత్రిళ్ళు పడుకుంటే చెవి తలుపు మీదే ఉంటది షేక్ గారూ. పిల్లి గీకినా లేచి కూచుంటా. వచ్చాడేమో, నేను లేవకపోతే ఏమంటాడో అని. పదమూడేళ్ళు. ఒక్క రాత్రి చెవి మూసుకుని పడుకుంటే చాలు నాకు. ఇస్తాడా ఆ ఖాజీ?"

"ఇస్తాడు. రేపు పొద్దున ఆయన కచేరీకి రా. నీ మొగుడి తమ్ముడుంటే అతన్నీ, ఆ బిడారం పెద్దనూ తోడు తెచ్చుకో. నేనుంటాను."

ఇంకొక మాట చెప్పవలసి ఉంది. ఆ మాట ఆయనకు బాగా తెలుసు, నాలుక చివరే ఉంది. ఆ పెరట్లో, ఆ ముడతల వేళ్ళ ఎదుట, దాన్ని మింగేసి వచ్చేశాడు. పదకొండేళ్ళలో రెండోసారి.

*

"రండి, రండి! మా గుమ్మం మీకు బాగానే అలవాటైపోయింది," అన్నాడు ఖాజీ మస్ఊద్. బక్కపలచని మనిషి, గొంతులో మగ్రిబు యాస ఇంకా పోలేదు. బుధవారం గనక కచేరీ నిండా జనం ఉన్నారు. సాక్షులుగా కూచునే పెద్దమనుషులు ఇద్దరు గోడ పక్కన. వాకిలి దగ్గర రాయసగాడు. ఫుతూహ్, మరో నలుగురు శిష్యులు గురువు వెంట వచ్చారు. రావద్దని ఆయన అనలేకపోయాడు.

గజాలా చెప్పింది. మరిది అవునన్నాడు. బిడారం పెద్ద, ఆ రోజుల్లోనే మోసూలు దాకా వెతికించామనీ, ఆచూకీ దొరకలేదనీ ఒట్టు వేసి చెప్పాడు.

"బాగుంది," అన్నాడు ఖాజీ. "ఏ ఖాజీ ముందు మొరపెట్టావు తల్లీ, ఏ సంవత్సరం?"

"ఖాజీ ముందు కాదండీ. ఈ షేక్ గారినే అడిగా."

ఖాజీ షేక్ వంక చూశాడు. చూసి, రాయసగాడితో నెమ్మదిగా అన్నాడు: "అయితే ఇవాళ మొదటి రోజని రాయి."

"మొదటి రోజేంటండీ?" అంది గజాలా.

"మా లెక్క మొగుడు పోయిన రోజు నుంచి కాదమ్మా. ఖాజీ చెవిన పడ్డ రోజు నుంచి నాలుగేళ్ళు. షేక్ గారికి తెలుసుగా. చెప్పలేదా?"

చెప్పలేదు. గజాలా అటు తిరిగి ఆయన మొహం చూసింది. సోమవారం నాటి చూపు కాదది. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ఇప్పుడు నాకు ముప్పై మూడు... అప్పటికి ముప్పై ఏడు." చిన్నగా నవ్వొచ్చిందామెకు. "అంటే ఈ పదకొండేళ్ళూ నేను ఊరికే కూచున్నట్టా?"

రాయసగాడి కలం ఆగింది.

"ఇంకో వీలుంది," అన్నాడు ఖాజీ. "భర్త తరఫు నుంచి తిండీ బట్టా అందడం లేదంటే వెంటనే విడిపిస్తాను. అందడం లేదుగా?"

మరిది తల వంచుకున్నాడు. లేదని ఒక్క మాట అంటే అయిపోతుంది. కచేరీలో సగం మంది అనమని కళ్ళతోనే చెబుతున్నారు.

"నెలనెలా గోధుమలు కొలుస్తాడండీ, అన్న పేరు చెప్పి," అంది గజాలా. "లేదని ఎట్టా అనేది? కళ్ళు పోవూ!"

షేక్ జహీరుద్దీన్ చాప మీదున్న తన చేతుల వంక చూసుకున్నాడు. శుభ్రమైన చేతులు. ఒక్క సిరా మచ్చ కూడా లేదు.

"మీ పుస్తకాల్లో ఇంకొకటి ఉంది మస్ఊద్," అన్నాడు. "ఖాజీ దొరకని చోట, పండితుల ముందు మొరపెట్టినా నమోదు కిందే లెక్క."

"ఉంది. కాని డమాస్కసులో ఖాజీ దొరకలేదని ఎట్టా రాయనయ్యా? ఇంత గడ్డం వేసుకుని రెండు వందల అడుగుల దూరంలో నేనున్నాను కదా అప్పుడు కూడా!" కొందరు నవ్వారు. ఖాజీ నవ్వలేదు. "ఖాజీ ఉండి కూడా ఆమెకు లేకుండా పోయాడని మీ చేత్తో మీరు రాసిస్తే, ఆ రోజు నుంచి లెక్క వేస్తాను."

కాగితం తెప్పించారు. షేక్ కలం తీసుకుని మోకాలి మీద పెట్టుకు రాశాడు. ఎప్పటిలాగే అందమైన రాత. ఇసక చల్లి ఖాజీకి అందించబోతుంటే గజాలా అంది: "నాకు చదివి వినిపించండి. ఈసారి నేను వినాలి."

ఆయన చదివాడు. "...ఈ స్త్రీ ఫలానా సంవత్సరం షాబాన్ నెలలో విడుదల కోరి నా ముందు మొరపెట్టినది. మాలికీ ఖాజీ ఉన్న సంగతి నేను ఆమెకు చెప్ప మరిచితిని. అందువలన..."

"మరిచిపోయారా?" అంది గజాలా.

ఎగతాళి లేదు, కోపం లేదు. నీళ్ళు వేడిగా ఉన్నాయా, చల్లారాయా అని అడిగినట్టు అడిగింది.

ఖాజీ మస్ఊద్ గొంతు తగ్గించాడు. "షేక్ గారూ, మరిచాను అంటే అది సాక్ష్యం. మీరు మరిస్తే ఆవిడ ఇంకొకర్ని అడిగి ఉండొచ్చుగా అంటారు రేపు ఎవరైనా. ఇది నిలబడదు. దాచాను అంటే అది ఒప్పుకోలు, నిలబడుతుంది. తన మీద తాను చెప్పుకున్నది దొంగ చెప్పినా చెల్లుతుంది." గోడ పక్క సాక్షుల వైపు చూశాడు. "కాని అది రాస్తే మీ పేరు నమ్మదగిన సాక్షుల చిట్టాలో ఉంచలేను. స్తంభం దగ్గర మీ మాట కూడా ఇక... మీకు నేను చెప్పాలా? రేపు ఇంట్లో మనువు పెట్టుకున్నారు. ఆలోచించుకోండి. వచ్చే వారం రండి పోనీ."

"వచ్చే వారమైతే నాకు కుదరదండీ," అంది గజాలా, ఎవరికో చెబుతున్నట్టు. "వరసగా పెళ్ళికూతుళ్ళున్నారు."

షేక్ కాగితం వెనక్కి తీసుకున్నాడు. చించి కొత్తది రాయొచ్చు. రాయసగాడు తెల్ల కాగితం అప్పుడే చాపాడు కూడా. ఆయన దాన్ని అందుకోలేదు. దస్తావేజులో తప్పు పడితే గీకి చెరపకూడదు. కిందిమాట కనబడేట్టు ఒక్క గీత గీసి, పైన సరైన మాట రాసి, అడుగున ఆ దిద్దుబాటు తనదేనని మళ్ళీ రాయాలి. కొన్ని వందల మంది శిష్యులకు ఆయన నేర్పిన పద్ధతే. *మరిచితిని* మీద సన్నటి గీత గీశాడు. పైన *దాచితిని* అని రాశాడు. ఆ ఒక్క మాట వంకరగా వచ్చింది. అడుగున, అంచుకు చాలా ముందే ఆగిపోయిన పంక్తి పక్కన, రాశాడు: *నాలుగో పంక్తిలో 'మరిచితిని' కొట్టివేసి 'దాచితిని' అని దిద్దడమైనది. దిద్దినది నేనే. దిద్దినదే నిజం.*

"చదవండి," అన్నాడు ఖాజీ. "సాక్షులు వినాలి."

ఆయన చదివాడు. జుమా నాడు మసీదు నాలుగు మూలలా మోగే గొంతు. ఫుతూహ్ నేల చూపులు చూస్తున్నాడు. బసరా కుర్రాడు మాత్రం కళ్ళార్పకుండా చూస్తున్నాడు. నాలుగో పంక్తి దగ్గర గొంతు ఎక్కడికో దిగిపోయింది.

"వినబడలేదండీ," అన్నాడు వాకిలి దగ్గర రాయసగాడు. పాపం, అతని పని అతనిది.

షేక్ తలెత్తాడు. గజాలా చెప్పులు చంకలో సర్దుకుంటూ ఉంది. ఎండ వాకిట్లోంచి లోపలికి జరిగింది, ఆడవాళ్ళ పూట దగ్గర పడింది. పాత కాగితం తోలుసంచితో సహా ఆయన పక్కనే చాప మీద ఉంది. ఆమె దాని వంక చూడలేదు. విడుదల ఖాయమనీ, ఇంకా భర్త పోయినవాళ్ళలా నాలుగు నెలల పది రోజులు గడువు పాటించాలనీ ఖాజీ చెబితే తలూపింది, అంతే. క్షమించానని అనలేదు. అనమని అడిగే మొహం ఆయనకూ లేదు.

"మళ్ళీ చదవండి," అంది. "అది విని వెళ్ళిపోతా."

ఆయన లేచి నిలబడ్డాడు. చదివాడు.

ఈసారి వీధిలో పళ్ళ బండివాడు కూడా ఆగి తిరిగి చూశాడు.